బాపు చేతుల కల్లు వాసన

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. బాపు తాగుడు మాని జనగామల ఒక ఇంట్ల ఉంటున్నడు. దవాఖానల నుంచి వచ్చినోళ్లు మళ్లీ తాగకుండ కొన్నాళ్లు అండ్లనే ఉంటరు. నీ ఏడాదికని ఒక్కపూట పంపిన్రు.

నీ సమాధి కాడ మామ కల్లు ముంత బాపు చేతుల పెట్టిండు.

"సమాధి మీద సాక పొయ్యి బావా. పొయ్యకుంటె మా అక్క నోరు ఎండుతది."

బాపు మొకం పక్కకు తిప్పుకొని ముంత వంచిండు. సగం సమాధి మీద పడ్డది, సగం ఆయన చేతుల మీద, ధోతి మీద పడ్డది. చుక్క తాగలే. నేను పక్కనే ఉన్న.

సాయంత్రం వాపసు పోతె, ఆ ఇల్లు చూసే సారు గడపల్నే వాసన పట్టిండు.

"ఏందయ్యా గిట్ల చేసినవ్? వాసనొస్తె లోపలికి రానియ్యం, నీకెరుకే కద."

"తాగలే సారూ. మా పోరన్ని అడుగున్రి."

సారు నా దిక్కు చూసిండు. నాకు నోరు పెగల్లే. ఆయన తలుపు మూసిండు.

ఇప్పుడు బస్టాండ్ల కూసున్నం. మన నెల్లికుదురు బస్సు ఎక్కుదామంటె, ఇంట్ల మామ తెచ్చిన కల్లు కుండ ఇంక సగం ఉంది. బాపు నల్ల కింద మళ్లీ చేతులు కడుగుతున్నడు.

నువ్వయితె బతికినన్నాళ్లు ఒక్కనాడు కల్లు ముట్టలే.

ఆయన తాగలే అవ్వా. నేను చూసిన.