కిటికీ మీద తలుపు

అవ్వా, దేవుని దయవల్ల బాగున్నాను. మొయినాబాద్ బడిలో నా ఒకటో తరగతి పిల్లలు తలుపు, కిటికీల మీది చీటీలు గడగడా చదివేస్తుంటే అనుమానమొచ్చింది. మొన్న వాళ్లు రాకముందే ఆ రెండు చీటీలూ తారుమారు చేశాను. కిటికీ మీది "తలుపు" చీటీని అందరూ "కిటికీ" అనే చదివారు. ఎప్పుడూ నోరు విప్పని మేఘ మాత్రం, "టీచర్, గిది ఈడిది కాదు" అని లేచింది. ఆ పిల్లకు చదవరాదని రిజిస్టర్‌లో రాసింది నేనే.

బాపు మోకాలి నొప్పి తగ్గిందా? నీ దగ్గరున్న నీ మనవరాలు, నా బిడ్డ షారోన్ ఫోన్‌లో నాకు పాఠం చదివి వినిపిస్తుంటే వెనక నీ గుసగుస వినిపిస్తోంది. అందుకే ఈ కార్డు. చివర నా పేరు ఉండేచోట వేరే మాట రాశాను. షారోన్‌తోనే చదివించు, నువ్వు అందించకు. "అమ్మ" అన్నదంటే అది ఊహించిందే గానీ చదవలేదు. బాపుకు వందనాలు.

ఇట్లు,
వస్తా