నోటి పత్యం

జులై 3, సోమవారం. ఉ. 6.30
మా ఆవిడ మల్లీశ్వరి షుగర్ 286! నెల రోజులుగా దవాఖాన గోలీలు మానేసి, రామన్నపేట అంగడిలో గురవయ్య అమ్మే ఆకుపొడి తాగుతోందట. నలభై నిమిషాలు మాట్లాడాను. లేబుల్ లేని పొట్లం, "సహజం" అనే మాట వెనుక దోపిడీ, ఒక్కటీ వదల్లేదు. గన్నేరుపప్పు కూడా సహజమేనన్నాను.
ఆమె జవాబు: "నీ ఉపన్యాసం ఇన్నకొద్ది నాకు సుగర్ పెరుగుతాంది. పది రోజులు పొడి మీద ఒక్క మాట అనకు. గోలీలు ఏస్కుంట, పొడి గూడ తాగుత. నోరు తెరిస్తే గోలీలు బంద్. గిది నీకు పత్యం!"
ఒప్పుకున్నాను. మూఢనమ్మకాల మీద పాతికేళ్లు వేదికలెక్కినవాడిని. పది రోజుల మౌనం ఒక లెక్కా!

జులై 4.
7.00: గోలీ మింగింది. పొడి తాగింది. నేను ఇడ్లీ తిన్నాను. అద్భుతం!
ఒప్పందం సంగతి చెబితే దవాఖానలో నర్సు స్నేహలత: "మంచిదే సార్. కని గా పొడిల ఏం కలుపుతరో తెల్వది. సుగర్ పడిపోయి చెమటలు పట్టి కండ్లు తిరిగితే జల్ది చక్కెర పెట్టండి. ఒక పొట్లం తెచ్చి చూపియ్యండి."
పొట్లం అడగడం మాట్లాడటం కిందికి వస్తుందా? వస్తుంది. ఊరుకున్నాను.

జులై 6.
పొడి గురించి మాట్లాడకూడదంది, రాయకూడదనలేదు! 'ఆకుల చాటు వ్యాపారం': పదకొండు పేజీలు. ఎవరైనా చదువుతారని ఫ్రిజ్ మీద పెట్టాను.
సాయంత్రం మూడో పేజీ మీద మిర్చిబజ్జీలు కనిపించాయి. "నూనె మంచిగ పీలుస్తాంది," అంది.

జులై 7.
మంగలి ఎల్లేష్‌తో ఇరవై నిమిషాలు చర్చ. ఎల్లేష్ మల్లీశ్వరి కాదు కనుక పత్యం తప్పినట్టు కాదు.
"సారూ, జర దవడ కదపకు, తెగుతది."
తెగింది.

జులై 9, ఆదివారం.
షుగర్ 171! గోలీల విజయం! ఎవరికీ చెప్పుకోలేని విజయం!
10.40: గురవయ్య కొత్త పొట్లంతో ఇంటికే వచ్చాడు. "సూసినవా అక్కా! మన పొడి దెబ్బంటే గట్లుంటది. ఏం సారూ, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"
మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు దాకా వెళ్లాను.
10.41 నుంచి 11.35: మాట్లాడాను.

జులై 10.
గోలీలు బంద్!
"పత్యం తప్పినవ్. మాట మీద నిలవనోనివి, లోకానికేం జెప్తవ్?"
మాట్లాడింది నేను కాదు, చరిత్ర అన్నాను.
"గట్లనా. గా చరిత్రనే బువ్వ వండుమను."

జులై 12.
షుగర్ 240. కళ్లు మసకలంటూ గోడ పట్టుకుని నడిచింది. వాదనలో గెలిచింది నేను. ఇంట్లో గెలిచింది షుగర్. భయం వేసింది.

జులై 13, గురువారం.
9.15: దవాఖానలో షుగర్ రోగుల వరుస. ముఖానికి తువ్వాల చుట్టుకున్న మనిషి. గురవయ్య! చేతిలో గోలీల పుస్తకం!
పాతికేళ్ల పోరాటంలో ఇంత గొప్ప సాక్ష్యం దొరకలేదు. నోరు తెరిచాను.
"నీ కాళ్లు మొక్కుత సారూ, అంగడిల చెప్పకు. నా పొడిల మెంతులు, నేరేడు గింజలే. ఎవల పాణం తియ్య."
అతని సంచిలోని పొడి పొట్లాన్ని అతని చేతనే స్నేహలతకు ఇప్పించాను. ఇక గోలీల సంగతి? నేను చెబితే మల్లీశ్వరి నమ్మదు. అతను చెబితే నమ్ముతుంది.
"ఎవరికీ చెప్పను. పొడిని ఇక తిట్టను. మా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పు," అన్నాను. నేనే అన్నాను!
11.30: వచ్చాడు. "అక్కా, మొన్న చెప్పుడు మర్సిన. మన పొడికి ఒక పత్యముంది. దవాఖాన గోలీ ఒక్క పూట తప్పినా పొడి పనిచెయ్యది. జిందగీ భర్ తప్పొద్దు."
"గీ మాట ముందుగాల చెప్పొద్దా తమ్మీ!"

జులై 14.
మొదటి రోజు. మళ్లీ. ఈసారి పది రోజులు కాదు, జిందగీ భర్.
7.05: గోలీ మింగింది. పొడి కలుపుకుని తాగింది. నావైపు తిరిగింది.
"గురవయ్య చేతిల మహిమ ఉందా, లేదా?"
గోలీల షీటులో ఒక గది ఖాళీ అయింది. దాన్ని చూశాను.
"ఉంది," అన్నాను.