అంతరిక్షనౌకలో నాన్న చిత్రిక

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, చేతివేళ్లు పదీ ఉన్నాయి.

మేం వడ్రంగులందరం ఆరు నెలలు సెట్టు కట్టిన అంతరిక్షనౌక సినిమా నిన్న చూశాను. హంగామా కొండంత, కథ గోరంత. కానీ హీరో వెనక అరమీద నాన్న ఇన్నేళ్లూ చెక్కలు నునుపు చేసి నాకిచ్చిన చిత్రిక కనబడేసరికి సీట్లోంచి లేచి నిలబడ్డాను! పిడిమీద ఆయన బొటనవేలి గుంటతో సహా! కొలతలు తీస్తూ అక్కడ పెట్టి మరిచిపోయి, ఎవరో కొట్టేశారని తోటివాళ్లందరినీ అనుమానించాను. మరుక్షణం నౌక భగ్గుమంది. ఆ మంట గ్రాఫిక్స్ కాదక్కా, సెట్టుకి కిరోసిన్ పోసింది నేనే.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బావ గొడుగు నా సంచిలో వచ్చేసింది, వెతకొద్దని చెప్పు. పిల్లలకి ముద్దులు. నాన్నకి చూపు మసకబారిందన్నావు, అయినా ఆ సినిమాకి మాత్రం తీసుకెళ్లకు. తన చిత్రికని ఆయన చీకట్లోనైనా పోల్చుకుంటారు.

నీ తమ్ముడు