పిట్టకు టీకా, రెండు రోజుల మంచం

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నెలలు నిండకుండా పుట్టిన మా పాపకు పలు జబ్బులకు కలిపి వేసే టీకా వేయించి, ఆపై రెండు రోజులు వార్డులో కనిపెట్టి చూచుటకు మంచం ఇప్పించుట గురించి.

బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేయుచున్న నేను మనవి చేసుకొనునది:

1. మా పాప రెండున్నర నెలలు ముందుగా పుట్టినది. తమ ఆసుపత్రిలోనే అద్దాల పెట్టెలో పెరిగి ఇంటికి వచ్చినది. పిట్ట అని పిలుచుకొనుచున్నాము. టీకా వేయవలసిన వయసు దాటిపోవుచున్నది.

2. టీకా గదిలోని సిస్టరు గారు పాప తొడ చూసి, "ఇంత సన్న కాలికి సూది ఎక్కడ వెయ్యమంటారయ్యా? కాస్త ఒళ్ళు చేశాక తీసుకురండి" అన్నారు. పిల్లల డాక్టరమ్మ గారు మాత్రం, "టీకాకు వయసు పుట్టిన రోజు నుంచే లెక్క. ఇలాంటి పిల్లలకే జబ్బులు తొందరగా అంటుకుంటాయి. కలిపి వేసినా ఫర్వాలేదు. మరీ ముందు పుట్టింది కాబట్టి రెండు రోజులు ఇక్కడే ఉంచి ఊపిరి చూస్తాం" అని సెలవిచ్చారు.

3. ఆ మాట పట్టుకొని వార్డుకు పోగా, టీకా వేయించుకొని వస్తేనే మంచమన్నారు. టీకా గదికి పోగా, మంచం ఉందని రాయించుకొని వస్తేనే సూదన్నారు. ఈ రెండు గదుల నడుమ వరండాలోనే పాపకు పాలు పట్టి, గుడ్డలు మార్చి నా భార్య సోలిపోయినది. ఇక తిరిగే ఓపిక లేదయ్యా.

4. పక్కవాటా పిల్లవాడికి కోరింత దగ్గు. వాడు దగ్గినప్పుడల్లా నా భార్య పాపను కొంగులో దాచుకుంటుంది. ఆ టీకాలో దానికీ మందున్నదట. మా అత్తగారేమో, "అన్ని మందులు ఒక్కసారే ఎక్కిస్తే పసిగుడ్డు తట్టుకుంటుందా?" అంటారు. నాకూ భయమే. ఇంజను చప్పుడు విని లోపం చెప్పగలను గానీ, పిట్ట ఊపిరికి చెవి ఆనిస్తే నాకేమీ తెలియదు. తెలిసినవాళ్ళ కళ్ళ ముందు ఉంచమనే కదా అడుగుతున్నది!

కావున ఏ గది ముందో, ఏ గది వెనకో తమరే తేల్చి, ఈ మొర చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
పిట్ట తండ్రి

తా.క.: మొన్న ఇది మీ గుమస్తా బల్ల మీద పెట్టబోతుంటే డాక్టరమ్మ గారు మమ్మల్ని చూశారు. "ఇంకా వెయ్యలేదా!" అంటూ పాపను తానే ఎత్తుకొని టీకా గదికి నడిచారు. సూది పడింది, మంచం దొరికింది. మర్నాడు పిట్ట ఊపిరి కాసేపు ఆగింది. నాదీ ఆగింది. వార్డు సిస్టరు అరికాలు తట్టగానే మళ్ళీ అందుకుంది. "ఇందుకేనయ్యా ఉండమన్నది" అన్నారామె. ఆ తర్వాత మళ్ళీ ఆగలేదు. ఇవాళ ఇంటికి పోతున్నాం. అయినా అర్జీ ఇచ్చే పోతున్నాను. టీకా గది ముందు, మా పిట్టంత పాపతో ఇంకో తల్లి నిలబడి ఉంది. ఆమెను వార్డుకు పొమ్మంటున్నారు.