మగ్గాల ఇంటి సైగలు

నగరి
అక్టోబరు 14

పంకజా,

ఫోన్లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాను. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే అది మాటల్లా ఉండదు, పందెంలా ఉంటుంది. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు, నేను గొంతు పెంచలేను. కుదురుగా కూర్చుని చదువు.

ముందు మంచి కబురు. మా బాలికల హైస్కూలు కబడ్డీ జట్టు చిత్తూరులో జిల్లా ఫైనల్ గెలిచింది. ఈ బడిలో నేను వ్యాయామం టీచరుగా చేరి పదకొండేళ్ళు. ఇదే మొదటిసారి. ఇంక రెండో కబురు. ఆ మ్యాచ్‌కి నేను లేను. లేను కాబట్టే గెలిచారు.

నవ్వకు. ఆ రోజు పొద్దున తిరుపతిలో మా టీచర్ల సంఘం మీటింగు. ఆటల పీరియడ్లు లాక్కుని లెక్కలకీ సైన్సుకీ పంచిపెట్టే బడుల మీద తీర్మానం పెట్టాల్సింది నేనే. పెట్టాను, టేబులు గుద్ది మరీ పెట్టాను. అటునుంచి చిత్తూరు బస్సెక్కితే పూతలపట్టు దగ్గర బస్సు ఆగిపోయింది. గంటన్నర రోడ్డు మీద నిలబడ్డాను. పిల్లల్ని నగరి నుంచి తీసుకొచ్చినవాడు ఎవరనుకున్నావు? మురుగేష్ సార్. లెక్కల మాస్టరు. నా పీరియడ్లు మింగే ఆ మనిషే. కబడ్డీకీ ఖోఖోకీ తేడా అడిగితే తల గోక్కుంటాడు. నేను గ్రౌండు గేటు దగ్గర దిగేసరికి పిల్లలు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన వేరుశనక్కాయల పొట్లం పడిపోకుండా గుండెకు అదుముకుని ఉన్నాడు.

"ఏం చెప్పినారు సార్ పిల్లోళ్ళకి?" అని అడిగాను.

"నేనేం చెప్పేది మేడం? నాకేం తెల్సు? బాగా ఆడండమ్మా అన్నా. చప్పట్లు కొట్టినా. అంతే."

ఎవరో టీచరు సెల్‌ఫోన్లో మ్యాచంతా వీడియో తీసింది. ఇంటికొచ్చి మూడుసార్లు చూశాను. కోమలి గురించి నీకు రాశాను కదా, పదో తరగతి, జట్టు కెప్టెన్. కూతకు వెళ్ళే ప్రతిసారీ గీత దాటబోతూ నా వైపు ఒక్క చూపు చూస్తుంది. రెప్పపాటు కాలం. ఆ రెప్పపాటులోనే అవతలివాళ్ళు చీలమండ పట్టేస్తారు. పిల్లకు ధ్యాస లేదని రెండేళ్ళుగా తిట్టాను. "యాడ చూస్తా ఉండావే? నా మొగం మీద సినిమా ఏమన్నా ఆడతా ఉండాదా?" అని అందరి ముందూ అరిచాను. వీడియోలో ఆ పిల్ల ఒక్కసారి కూడా పక్కకు చూడలేదు. చూడడానికి పక్కన నేను లేను మరి. ఏడు కూతల్లో ఆరుసార్లు పాయింటు తెచ్చింది.

ఇంకొకటి చూసి ఒళ్ళు మండింది. నేను మాన్పించిన సైగలు మళ్ళీ మొదలుపెట్టారు. ఆడపిల్లలు చేతులతో, కళ్ళతో గుట్టుగా మాట్లాడుకుంటే నాకు పడదని నీకు తెలుసు. ఇంట్లో నోరు నొక్కుతారు, వీధిలో నొక్కుతారు, పెళ్ళిచూపుల్లో తల వంచమంటారు. కనీసం కోర్టులోనైనా గొంతు విప్పండే అని మొత్తుకుని, సైగ చేసిన పిల్ల చేత గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించేదాన్ని. నేను లేని రోజున ఏడుగురూ మూగవాళ్ళలా చేతులాడిస్తూ ఆడారు. గెలిచారు.

మన కాలేజీ కోచ్ గుర్తున్నాడు కదా. నీకు మర్చిపోయే వీలు లేదు. యూనివర్సిటీ ఫైనల్లో నీ పట్టు జారితే అంతమంది ముందు "బర్రెగొడ్డు" అన్నాడు. నువ్వు మోకాలికి కట్టిన గుడ్డ విప్పి గీత మీద పెట్టి వెళ్ళిపోయావు, మళ్ళీ కోర్టులో కాలు పెట్టలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నేను కోచ్‌నైతే అట్లాంటి మనిషిని కానని. అధికారం చెలాయించే ప్రతివాడి మీదా ముప్పై ఏళ్ళుగా కరపత్రాలు రాస్తున్నాను. పన్నెండు మీటర్ల కోర్టు పక్కన నిలబడి నేను చేసిందేమిటి? బర్రెగొడ్డు అనలేదు, నిజమే. మిగతావన్నీ అన్నాను.

వచ్చే నెల తిరుపతిలో జోనల్ పోటీలు. అంతకుముందే జట్టును ఇంకెవరికైనా అప్పగించమని హెడ్మాస్టరుకు రాసి ఇచ్చేస్తున్నాను. నాకు కబడ్డీ తప్ప వేరే సంతోషం లేదని నీకు తెలుసు. అయినా సరే. ఓదార్చకు.

నీ
లీల

*

నగరి
అక్టోబరు 19

లీలావతి మేడం గారికి,

నమస్కారాలు. మీరు జట్టు వదిలేస్తున్నట్టు కాగితం ఇచ్చారని మురుగేష్ సార్ చెప్పారు. మీ దగ్గరికి వచ్చి మాట్లాడదామనుకున్నాం. జెస్సీ వద్దంది. "మనం ఒకటంటే మేడం పదంటాది. రాస్తే అయినా కడదాకా వింటాది" అంది. కోపం వస్తే జెస్సీ మీద తెచ్చుకోండి.

మురుగేష్ సార్ వల్ల మేము గెలవలేదు మేడం. పట్టినవన్నీ మీరు నేర్పిన పట్లే. కానీ ఆ రోజు జెస్సీ రెండుసార్లు తప్పు పట్టు పట్టి పాయింట్లు పోగొట్టింది. మీరుంటే అది ఏడ్చేది, మేము బిగుసుకుపోయేవాళ్ళం. ఆ రోజు నవ్వుకున్నాం. "పోనీలే పాపా, కాలు నీదే, పట్టు నీదే" అన్నాం. మూడోసారి వాళ్ళ కెప్టెన్‌నే లాగి పడేసింది.

నేను మీ వైపు ఎందుకు చూస్తానని ఎన్నోసార్లు అడిగారు, జవాబు చెప్పేలోపల మీరే ఇంకోటి అనేవాళ్ళు. ఇప్పుడు చెప్తాను. తిడతారని భయం కొంచెం. మీరు చూస్తున్నారో లేదో అనేది ఎక్కువ. మా ఇంట్లో నేను ఆడేది ఎవరూ చూడలేదు మేడం. మగ్గాలు వదిలి రావడానికి వాళ్ళకు కుదరదు.

సైగల సంగతి కూడా చెప్పాలి. మీది చిత్తూరు పక్కన సేద్యం ఇల్లు. మాది నాలుగు మరమగ్గాల ఇల్లు. మగ్గాలు ఆడుతుంటే పక్కన మనిషి అరిచినా వినబడదు. మా అమ్మా నాయనా తిండికి పిలుచుకునేది సైగలతోనే, కొట్లాడుకునేది కూడా సైగలతోనే. మా అమ్మకు నోరు లేక కాదు. ఆమె చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపిస్తే మా నాయన గమ్మునుంటాడు. మాకు అది సిగ్గు కాదు మేడం, అది మా మాట. రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడిస్తే పోగు తెగిందని. ఆటలో అయితే మూల ఖాళీగా ఉందని. అరచెయ్యి కిందికి దించితే మగ్గం ఆపమని. ఆటలో ఇప్పుడే పట్టొద్దని. మేము అరిస్తే అవతలి జట్టుకు కూడా వినబడుతుంది. సైగ చేస్తే మగ్గాలు లేని ఊరోళ్ళకు ఏమర్థమవుతుంది?

మీరు కాగితం వెనక్కి తీసుకోండి. ప్రాక్టీసులో ఎంతైనా అరవండి, మాకు అలవాటే, సగం వినబడదు. మ్యాచ్ రోజు మాత్రం ఒక షరతు. ఈ ఉత్తరంతో కమ్మర్‌కట్లు పంపుతున్నాం. జెస్సీ వాళ్ళ అవ్వ బెల్లం పాకం ముదరబెట్టి చేసింది, పళ్ళకు అంటుకుంటే అంత సులభంగా వదలవు. కూతకు ముందు ఒకటి నోట్లో వేసుకుని గీత పక్కన కూర్చోండి. చూస్తూ ఉండండి. అంతే చాలు.

ఇట్లు
కోమలి, జెస్సీ, తక్కిన ఐదుగురు

*

నగరి
నవంబరు 11

పంకజా,

పిల్లల ఉత్తరం నీకు పంపింది నువ్వు ఫోన్ చేసి పడీపడీ నవ్వడానికి కాదు. సరే, నవ్వావు. ఇప్పుడు తిరుపతి సంగతి విను.

కాగితం వెనక్కి తీసుకున్నాను. హెడ్మాస్టరు "ఏమైంది మేడం?" అంటే "వాదనలో ఓడిపోయినా సార్" అన్నాను. ఆయన ఇరవై సెకన్లు నమ్మలేదు. తర్వాత మూడు వారాలు సాయంత్రాలు కోమలి వాళ్ళ అమ్మ చౌడేశ్వరి దగ్గర సైగలు నేర్చుకున్నాను. నా చేతులు మొద్దు చేతులట. "అయ్యో మేడం, మీరు పోగు తెగిందన్లా, నన్ను గిచ్చుతా అన్నారు" అని ఆమె నవ్వుతుంటే మగ్గం ఆగిపోయింది. ఆడవాళ్ళ మౌనం మీద నేను రాసిన వ్యాసాలన్నీ ఆమెకు చదివి వినిపించాలని ఉంది. వినబడదనుకో, ఆ చప్పుడులో.

జోనల్ రోజు నోట్లో కమ్మర్‌కట్ వేసుకునే గ్రౌండుకు వెళ్ళాను. ఒక్కసారి మాత్రం తీశాను, ముందే చెప్పేస్తున్నాను. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి నిర్వాహకులు చూపించిన చోటికి తలుపు లేదు. పాత బ్యానరొకటి అడ్డం కట్టారు. దానిమీద ఎవరో పెద్దమనిషి దండం పెడుతున్నాడు. తలుపున్న గదిలో మటుకు అతిథుల కుర్చీలు పెట్టి తాళం వేశారు! కమ్మర్‌కట్ తీసి కాగితంలో చుట్టి కొంగుకు ముడేసుకున్నాను. పది నిమిషాలు అరిచాను పంకజా, పదకొండేళ్ళలో పిల్లల మీద అరిచిందంతా కలిపినా అంత హాయిగా లేదు. తాళం వచ్చింది, కుర్చీలు ఎండలోకి వచ్చాయి, తిరుపతికి వచ్చిన అన్ని బడుల పిల్లలూ ఆ గదిలోకి వెళ్ళారు. అప్పుడు మళ్ళీ కమ్మర్‌కట్ నోట్లో వేసుకున్నాను. నా అరుపులో తప్పు లేదు, ఇన్నాళ్ళూ తప్పు దిక్కుకు తిరిగి అరిచాను.

సెమీఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. చివరి కూత కోమలిదే. గీత దాటేటప్పుడు నా వైపు చూడలేదు. నేనున్నానని తెలుసు, చూడాల్సిన పని లేదు. ఇద్దర్ని తాకి తిరిగొస్తుంటే గీతకు జానెడు దూరంలో నడుం పట్టేశారు. నా నోట్లో ఎన్ని మాటలు కదిలాయో ఆ బెల్లానికే తెలుసు. పిల్ల లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుని, అంత గోలలో ఆ గీత దగ్గర్నుంచే నాకు రెండు పిడికిళ్ళు ఎదురెదురుగా కలిపి చూపించింది. తెగిన పోగు అతికింది, మగ్గం మళ్ళీ ఆడించొచ్చు అని. నేనూ పిడికిళ్ళు కలిపాను. ఈసారి ఎవర్నీ గిచ్చినట్టు లేదు, జెస్సీ ఒప్పుకుంది.

ఒకటి మిగిలిపోయింది. ఆ యూనివర్సిటీ ఫైనల్లో నేను వైస్ కెప్టెన్‌ని. ఆయన నిన్ను అంత మాట అన్నప్పుడు నీకు మూడడుగుల దూరంలో ఉన్నాను. గొంతు నాకు అప్పుడూ ఉంది. జట్టులో చోటు పోతుందని మూసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా లోకం మీద అరుస్తున్నది ఆ ఒక్క రోజు అరవలేకపోయినందుకేనేమో. నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం రా. మా పిల్లలకు చీలమండ పట్టు సరిగ్గా రావడం లేదు. అది నీ అంత బాగా పట్టినవాళ్ళను నేను చూడలేదు. కమ్మర్‌కట్లు ఇంకా నాలుగున్నాయి.

ఈ కాగితం మడిచే ముందు రెండు పిడికిళ్ళూ కలిపి పట్టుకున్నాను. అంత దూరం నీకు కనబడదు కదా, అందుకని రాస్తున్నాను.

లీల