ఈ ఏడు నలుగురు

అవ్వకు,

మోజెస్ వందనాలు. ప్రభువు దయతో వర్నిలో మేమిద్దరం రోజులు నెట్టుకొస్తున్నాం. అక్క ఇంట్లో నువ్వు కుదురుగా ఉన్నావనుకుంటాను. ఫోన్లో నీకు సగం వినపడదు కాబట్టి రాస్తున్నాను.

మోకాళ్ల మాత్రలు కొరియర్లో వేశాను. బోధన్ వైపు చెరుకు ఎట్లా ఉందని అడిగావు. చెరుకు తగ్గిపోయింది, ఎటు చూసినా వరే. నిజాంసాగర్ నీళ్లు వచ్చాయి, నాట్లు అయిపోయాయి.

నీ కోడలు ఆశా మీద ఊళ్లో ఏదో మాట వచ్చిందట గదా అని రాశావు. నిజమే. ఆమె నర్సుగా పనిచేసే కాలువ అవతలి ఆరోగ్య కేంద్రంలో ఏడాదికి ఒకరో ఇద్దరో పిల్లలు పురిట్లో పోయేవాళ్లు. ఈ ఏడు నలుగురు పోయారు. చివరి బిడ్డ రైతు భీమన్న మనవడు. "ఆమె చెయ్యి మంచిది గాదు" అన్నాడు భీమన్న. ఆ మాట ఊరంతా పాకింది. ఆశాను సెలవు మీద పంపి విచారణ పెట్టారు.

నిజామాబాద్ కాలేజీలో నేను చెప్పే పాఠమే అది, అవ్వా. అరుదుగా జరిగేవి ఒక ఏడాదిలో ఎన్ని జరగవచ్చో చెప్పే పాయిజాన్ విభాజనం. భర్తనైనా విచారణలో నన్ను మాట్లాడనిచ్చారు. లెక్క ఇంకొకరితో సరిచూయించారు. "మడిలో గుప్పెడు వడ్లు చల్లితే అంతటా సమానంగా పడవు. ఒకచోట పలుచన, ఒకచోట కుప్ప. జిల్లాలో ఇన్ని కేంద్రాలున్నప్పుడు, ఎవరి తప్పూ లేకున్నా ఏటా రెండు మూడు చోట్ల ఇట్లా జరగవచ్చు" అన్నాను.

భీమన్న లేచాడు. "వడ్లు గావు సారూ, నా మనుమడు. మా ఇంట్లనే ఎందుకు గిట్లయింది?"

ఎన్ని జరగవచ్చో లెక్క చెబుతుంది గానీ ఎవరింట్లోనో చెప్పదు.

ఇక నీకు దాచింది చెబుతాను. ఆ సాయంత్రం ఆశా అడిగింది: "నేను తప్పు చెయ్యలేదని నీ లెక్క చెప్తదా?"

"చెప్పదు. తప్పు లేకున్నా గిట్ల కావచ్చని మాత్రమే చెప్తది" అన్నాను. నిజమే చెప్పాను గానీ, ఆమె అడిగింది లెక్క గురించి కాదు. అప్పటినుంచి మా ఇంట్లో మాటల్లేవు. తర్వాత కాన్పుల రికార్డులన్నీ చూసి ఆమె తప్పేమీ లేదని పనిలోకి తీసుకున్నారు. ఆమె రోజూ వెళ్లి ఖాళీ మంచాల మధ్య కూర్చుని వచ్చేది. గర్భిణులంతా బోధన్ పోతున్నారు.

నిన్న ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చేసరికి భీమన్న ఆటోతో గుమ్మంలో ఉన్నాడు. అతని కూతురు తారాబాయికి నొప్పులు మొదలయ్యాయట.

"బోధన్ పోదామంటే వింటలేదు. సిస్టరమ్మనే పిలువుమంటుంది" అన్నాడు, తల దించుకుని.

ఆశా సంచి అందుకుంది. "నువ్వు గూడ రా" అంది నాతో.

కేంద్రం అరుగు మీద భీమన్న, నేను పక్కపక్కన కూర్చున్నాం. ఏ లెక్కా నాకు గుర్తు రాలేదు. పొద్దు వాలుతుండగా లోపల బిడ్డ ఏడ్చింది. భీమన్న నా భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆశా బయటికొచ్చి నా పక్కన కూలబడింది. "ఆడపిల్ల" అంది. "మస్తు అలిసిపోయిన. ఇంటికి పోదాం" అంది.

ఇవాళ పొద్దెక్కినా ఆమె ఇంకా నిద్రపోతోంది. నేను లేపలేదు.

ఇట్లు,
నీ కొడుకు
మోజెస్