స్టిక్కర్ కింద ఎర్ర చుక్క

బావా,

ఫోన్ చేస్తే పక్కన అక్క ఉంటుందని ఇలా రాస్తున్నాను. దీన్ని షాపులోనే చదవండి, ఇంటికి తీసుకెళ్లకండి.

మా ఆసుపత్రి సర్వర్ లాగ్‌లో మూడో డిస్కు చదవడం కుదరట్లేదని మళ్లీ ఎర్రర్ వచ్చింది. కొత్తదని చెప్పి మొన్న మీరే తెచ్చి బిగించిన డిస్కు అది. నేను మిమ్మల్ని అనుమానించలేదు. కేబుల్ మార్చాను, డిస్కుని వేరే అరలో పెట్టి చూశాను. ఎర్రర్ కూడా దాని వెంటే వెళ్లింది. ఎన్ని గంటలు తిరిగిందో డిస్కులోనే నమోదై ఉంటుంది, అది లెక్కేస్తే మీ పెళ్లినాటి నుంచీ పనిచేస్తున్నట్టుంది.

హోల్‌సేల్ వాడు మిమ్మల్నే ముంచాడేమో అనుకుంటూ గోరుతో స్టిక్కర్ లేపాను. కింద ఎర్ర చుక్క కనిపించింది.

పాడైన డిస్కులు మంచివాటిలో కలిసిపోకుండా నా గోళ్లరంగుతో చుక్క పెడతాను. రోగుల వివరాలున్నాయి కదా, మెషిన్‌లో వేసి తుక్కు చేయిస్తానని మీరే పట్టుకెళ్లేవారు. చేయించానని సంతకం కూడా పెట్టారు.

నిన్న ఎర్రరని చెప్పగానే "నువ్వు ముట్టుకోకు, నేనొచ్చి మారుస్తా" అని కంగారుపడ్డారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కాదా అది?

మా డ్రైవర్ మీ షాపు బయటే ఉంటాడు. మిగతా చుక్కల డిస్కులు ఎవరికి అమ్మారో రాసి అతని చేతికివ్వండి. ఊళ్లోవాళ్ల వివరాలే కదా అనుకున్నారేమో. అక్క రిపోర్టులు కూడా వాటిలోనే ఉన్నాయి.

మీ మరదలు